అడుగు కలపకూడని వంతెన

మా మేనకోడలు శైలజ పెళ్లి ఉత్తరాఖండ్ కొండల్లో అని ఖాయమైన దగ్గర నుంచీ కనిపించిన ప్రతివాళ్లూ నన్ను చలి గురించే అడిగారు. స్వెట్టర్లు కొన్నారా, మంకీ క్యాపులు సర్దుకున్నారా అని. చలి సంగతి నాకు పట్టలేదు. నాకు నిద్ర లేకుండా చేసింది ఒక వంతెన.

పెళ్లికొడుకు ఊరు ఒక లోయకు అవతలి గట్టున ఉంది. మోటారు రోడ్డు ఇవతలి గట్టునే ఆగిపోతుంది. మధ్యలో ఎక్కడో అడుగున నది. ఈ కొండ నుంచి ఆ కొండకు ఇనుప తాళ్లు కట్టి, వాటికి వేలాడదీసిన కాలినడక వంతెన ఒక్కటే దారి. శైలజ నా ఫోన్‌కి వీడియో పంపింది. చూస్తున్నంతసేపూ అరికాళ్లు జివ్వుమన్నాయి. ఇంట్లో సోఫాలో కూర్చున్న నాకే అలా ఉంటే మా బావ గతేమిటని భయం పట్టుకుంది.

బావ పేరు వెంకటేశ్వర్లు. పెడనలో నేత పని. ఆయనది గుంట మగ్గం, అంటే నేలలో గొయ్యి తీసి అందులో కాళ్లు పెట్టుకుని నేసే మగ్గం. బతుకంతా నేలమట్టానికి కిందే గడిపిన మనిషికి ఎత్తంటే ప్రాణం పోయినంత పని. భవానీపురంలో మేముండేది మూడో అంతస్తు. ఇన్నేళ్లలో బావ మా గడప తొక్కలేదు. వచ్చినప్పుడల్లా వాచ్‌మన్ కుర్చీలో కూర్చుని కాఫీ కిందికే తెప్పించుకుంటాడు. బస్సు ప్రకాశం బ్యారేజీ మీదికి ఎక్కగానే కళ్లు మూసుకుంటాడు. అడిగితే నిద్రొచ్చిందంటాడు. అవతలి గట్టు రాగానే ఆ నిద్ర తేలిపోతుంది.

అక్క రత్నం పది రోజుల ముందే కూతురి దగ్గరికి వెళ్లింది. వెళ్లిన మర్నాడు ఫోన్ చేసి, "తమ్ముడూ, నేనైతే రాముణ్ణి తలుచుకుంటూ ఎలాగో దాటేశాను. మీ బావకి మాత్రం వంతెన సంగతి చెప్పకు. చెప్తే రైలెక్కడు" అంది. మరి అక్కడికొచ్చాక ఏం చేస్తావే అని అడిగాను. "అక్కడిదాకా తీసుకురా. ఆ తర్వాత దేవుడున్నాడు" అంది. దేవుడు చేయాల్సిన పని నా నెత్తిన పెట్టి ఫోన్ పెట్టేసింది.

పెళ్లి మనవైపే జరగాల్సింది. కానీ పెళ్లికొడుకు తండ్రి కాలు విరిగి మంచం మీద ఉన్నారు. ఆయన్ని వంతెన మీంచి మోసుకొచ్చి, రైలెక్కించి పెడన తీసుకురావడం అయ్యే పని కాదు. శైలజా, ఆ అబ్బాయీ అక్కడ ఒకే స్కూల్లో టీచర్లు. పెళ్లి వాళ్ల ఊళ్లో, విందు మన ఊళ్లో అని పెద్దలు సర్దుకున్నారు. కన్యాదానం మాత్రం కన్నతండ్రి చెయ్యాలి కదా. బావ ఆ వంతెన దాటితేనే అది జరుగుతుంది.

ఊరి పేరు రాయడం లేదు, పాఠకులు ఏమీ అనుకోకండి. వంతెన చూడ్డానికి వచ్చి దాని మీద గెంతులు వేసేవాళ్లతో విసిగిపోయిన ఆ ఊరివాళ్లు, ఎక్కడా రాయనని నా చేత మాట తీసుకున్నారు.

ప్రయాణం మాఘమాసంలో, ఒక గురువారం పొద్దున. పెడన నుంచి మావాళ్లు బుధవారం సాయంత్రానికే బెజవాడ చేరాల్సింది. ఉయ్యూరు దగ్గర ఫ్యాక్టరీకి చెరుకు తోలుకుపోయే ట్రాక్టర్ల వెనక వాళ్ల బస్సు ఇరుక్కుపోయి, వచ్చేసరికి తొమ్మిదయింది. బావ, ఆయన తమ్ముడు రాంబాబు, వాళ్ల వీధిలోనే మగ్గాలున్న మరో ముగ్గురు. వన్‌టౌన్‌లో చీరల కొట్టు పెట్టుకున్న నాతో కలిపి ఆరుగురం. నలుగురు మేడెక్కి భోంచేశారు. బావ మామూలుగానే కింద వాచ్‌మన్ గదిలో తిని అక్కడే పడుకున్నాడు.

ఆయన చేతిలో ఒక గుడ్డసంచి ఉంది. అందులో మధుపర్కాలు. పెళ్లిపీటల మీద వధూవరులు కట్టుకునే తెల్లబట్టలవి, పసుపు ఎరుపు అంచుతో ఉంటాయి. కూతురి పెళ్లికి తన మగ్గం మీద తానే నేశాడు. ఆ సంచి ఎవరికీ ఇవ్వలేదు. రైల్లో బాత్రూమ్‌కి వెళ్లినా చంకలో పెట్టుకునే వెళ్లాడు.

రైలు ఏడింటికి అన్నారు, ఏడున్నరకు కదిలింది. స్లీపర్లో వెళ్లేవాళ్లకు ఒక మాట: మాఘంలో కూడా నాగపూర్ దాటాక తెల్లవారుజామున చలి కోసేస్తుంది, దుప్పటి పైన పెట్టుకోండి. మధ్యాహ్నం ఇంటి నుంచి తెచ్చిన పులిహోర పొట్లాలు విప్పాం. ఎదురు బెర్తులో గుడివాడ నుంచి వస్తున్న మరియమ్మగారు ఉన్నారు. ఢిల్లీలో నర్సుగా చేస్తున్న కూతురి దగ్గరికి వెళ్తున్నారావిడ. పులిహోర పెడితే కాదనకుండా తీసుకుని, తన డబ్బాలో ఉన్న అరిసెలు మాకు పంచారు. ఎక్కడికండీ అంటే ఉత్తరాఖండ్ కొండల్లో పెళ్లికని చెప్పాను.

కొండల పేరు వినగానే ఆవిడ ముఖం మారింది. చర్చివాళ్లతో ఒకసారి అటువైపు వెళ్లారట. "అక్కడ వేలాడే వంతెనలుంటాయండీ. ఒకదాని మీద సగందాకా వెళ్లి కూలబడిపోయాను. ఇద్దరు పట్టుకుని తీసుకొచ్చారు" అన్నారు. నా నోట్లో పులిహోర అలాగే ఉండిపోయింది. బావ నావైపు తిరిగి, మన దారిలో కూడా అలాంటివి ఉన్నాయేంట్రా అని అడిగాడు. జీపు సరాసరి వెళ్తుందని చెప్పాను. వెళ్తుంది నిజమే, వంతెన దాకా. బావ చాలాసేపు నా ముఖంలోకే చూసి, తర్వాత కిటికీవైపు తిరిగాడు.

కాసేపటికి మరియమ్మగారు తలుపు దగ్గర నాకు తారసపడ్డారు. ఆవిడ కనిపెట్టేశారు. "ఆయనకి చెప్పలేదా?" అని మెల్లగా అడిగారు. లేదన్నాను. "మీకోసం ప్రార్థన చేస్తానండీ, కానీ మీరు చేస్తున్నది మంచిపని కాదు" అన్నారు. కాదని నాకూ తెలుసు. అక్క మాట, బావ భయం, శైలజ పెళ్లి, ఈ మూడింటి మధ్యా నాకు వేరే దారి కనపడలేదు.

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి ఢిల్లీలో దిగి, రాత్రి బస్సు పట్టుకుని శనివారం తెల్లవారేసరికి రిషికేశ్ చేరాం. అక్కడ గంగ మీద ఊగే వంతెన ఉంది, అందరూ చూసొస్తారు. నేను మాత్రం మావాళ్లను ఆ ఛాయలకు పోనివ్వలేదు. మార్కెట్ వీధిలో పూరీ, బంగాళాదుంప కూర, టీ పెట్టించి ఆరున్నరకల్లా జీపు దగ్గరికి తోలుకొచ్చాను. జీపు బేరం ముందే ఆడుకోవడం మంచిది, కొండెక్కాక డ్రైవరు ఎంతంటే అంత.

పెళ్లికొడుకు బాబాయి మోహన్ చాచా మమ్మల్ని తీసుకెళ్లడానికి వచ్చాడు. మాలో హిందీ వచ్చింది నాకొక్కడికే, అది కూడా సూరత్ వ్యాపారులతో బేరాలాడి నేర్చుకున్న హిందీ. చాచా మంచి మాటకారి. ఆయన చెప్పే ప్రతి మూడు మాటల్లోనూ వంతెన వచ్చేది, నేను దాన్ని వదిలేసి మిగతావి మావాళ్లకు చెప్పేవాణ్ణి. గాలి ఎక్కువైతే గార్డు వంతెన గేటు వేసేస్తాడు. పొద్దు గూకాక ఎలాగూ వేసేస్తాడు. పొద్దున మంచు విడిచేదాకా తియ్యడు, ఈ నెలలో మంచు విడిచేసరికి పది దాటుతుంది. మన సిద్ధాంతిగారు పెట్టిన ముహూర్తం ఆదివారం పొద్దున ఎనిమిదీ ఇరవైకి. అంటే ఆ సాయంత్రమే దాటాలి. నాకు ఆ మాట విన్నప్పటి నుంచీ గడియారం మీదే చూపు.

దారంతా మలుపులు. ఒకవైపు కొండ, ఒకవైపు ఏమీ లేదు. బావను కొండవైపు సీట్లో కూర్చోబెడితే, తువ్వాలు ముఖం మీద కప్పుకుని సంచి గుండెలకు హత్తుకుని కూర్చున్నాడు. పదకొండింటికి ఒకచోట రోడ్డు మీద రాళ్లు జారిపడి ఉన్నాయి. యంత్రం వచ్చి వాటిని తోసేసరికి రెండు గంటలు పట్టింది. రాంబాబు టీ తాగుదామంటాడు, ఇంకొకరు ఫోటో తీయమంటారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎందుకంత చిరాకు పడుతున్నానో వాళ్లకు అర్థం కాలేదు, చెప్పడానికి నాకు నోరు రాలేదు.

నాలుగున్నరకు చివరి మలుపు తిరిగాం. జీపు ఆగింది. వంతెన ఎదురుగా ఉంది.

వీడియోలో అది అంత పొడుగనిపించలేదు. అవతలి కొస దగ్గర మనుషులు గింజల్లా కనిపిస్తున్నారు. మధ్యలో కొంచెం కిందికి వంగి ఉంది. పక్కలకు నడుమెత్తు ఇనుప తాళ్లు, వాటికి వల. నడిచేది ఇనుప జల్లెడలాంటి పలకల మీద. వాటి సందుల్లోంచి కింద నది ఆకుపచ్చగా, సన్నగా కనపడుతోంది. నీళ్ల మోత మాత్రం పైదాకా రావడం లేదు. అంత లోతన్నమాట.

బావ ముఖం మీది తువ్వాలు తీసి చూశాడు. జీపు దిగి, పక్కనున్న టీ బడ్డీ బల్ల మీద వంతెనకు వీపు పెట్టి కూర్చున్నాడు. నేను వెళ్లి ముందు నిలబడ్డాను.

"నీకు ముందే తెలుసు" అన్నాడు.

"తెలుసు బావా."

"మీ అక్కకి?"

"అక్కే చెప్పొద్దంది."

ఆయన తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. సంచి ఒళ్లో పెట్టుకుని దాని ముడి సవరిస్తూ, కన్యాదానం నువ్వే చెయ్యి, మేనమామవి, తండ్రి లేని పిల్లకు మేనమామ చేస్తాడు కదా అన్నాడు. తండ్రి ఇక్కడే టీ బడ్డీలో కూర్చుని ఉండగా తండ్రి లేని పిల్ల ఎట్లా అవుతుందని అడిగాను. ఆయన ముడి విప్పి మళ్లీ బిగించాడు. అప్పుడు నాకు నిజంగా సిగ్గేసింది. ఆ మనిషిని మోసం చేసి ఇంతదూరం లాక్కొచ్చాను.

గార్డు వచ్చి గాలి పెరుగుతోంది, వచ్చేవాళ్లు త్వరగా రండి అన్నాడు. ఎండ అవతలి కొండ మీద సగానికి ఎక్కేసింది.

చివరికి పని నడిపించినవాడు రాంబాబు. అన్నదమ్ములిద్దరూ చిన్నప్పటి నుంచీ ఒకే పడుగుకు చెరోపక్క పనిచేసినవాళ్లు. నేతపని తెలియనివాళ్లకు చెప్పాలి. మగ్గం ఎక్కించే ముందు పడుగు పోగులకు, అంటే నిలువు దారాలకు, గంజి పట్టించాలి. తెల్లవారుజామున వీధి పొడుగునా పోగులు సాగదీసి కట్టి, చెరోపక్క నిలబడి, కుంచె పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తూ గంజి పూస్తారు. అందరి అడుగూ ఒకటే అడుగై ఉండాలి. ఒకరు ముందు, ఒకరు వెనక అయితే పోగులు తెగుతాయి. నడక వచ్చిన దగ్గర నుంచీ ఆ వీధిలో పిల్లలకు అబ్బే నడక అది. అదే వీధిలో పుట్టినా నాకు మాత్రం ఎంత కొట్టినా అబ్బలేదు. నా అడుగు ఎప్పుడూ తేడాగానే పడేది, అందుకే మా నాన్న నన్ను పడుగు దగ్గర నుంచి తరిమేసి కొట్లో కూర్చోబెట్టాడు.

రాంబాబు అన్న ముందు మోకాళ్ల మీద కూర్చుని, "అన్నయ్యా, కిందికి చూడమాక. మన వీధిలో గంజి పెడుతున్నామనుకో. నేను ముందుంటా. చెయ్యి తాడు మీద పెట్టి నా వెనకే అడుగెయ్యి" అన్నాడు.

బావ సంచి తీసుకుని లేచాడు. లేస్తాడని నేననుకోలేదు.

వంతెన మొదట్లో హిందీలో బోర్డు ఉంది. గుంపుగా ఎక్కరాదు, పరుగెత్తరాదు, ఊపరాదు, కవాతు చేస్తున్నట్టు అడుగు కలిపి నడవరాదు. ఆ చివరిది చదివితే నాకు నవ్వొచ్చింది. అది మిలిటరీవాళ్లకోసం రాసి ఉంటారనుకున్నాను. కవాతు చేసేవాళ్లు మాలో ఎవరున్నారు? మిగతావి మావాళ్లకు చెప్పి అదొక్కటి వదిలేశాను. చాచా మా సామాన్లతో ముందే వెళ్లిపోయాడు.

ముందు రాంబాబు, వెనక బావ, ఆ వెనక మగ్గాలవాళ్లు ముగ్గురూ, అందరికంటే చివర నేను. మొదటి ఇరవై గజాలు చక్కగా సాగింది. బావ ఎడమచేతిలో సంచి, కుడిచెయ్యి తాడు మీద. చూపు తమ్ముడి వీపు మీద. వెనకున్న ముగ్గురూ పెద్దాయనకు ధైర్యంగా ఉంటుందని అదే నడక అందుకున్నారు. ఐదుగురి పాదాలూ ఒక్కసారే లేచి ఒక్కసారే ఇనుము మీద పడుతున్నాయి. వెనక నుంచి చూస్తుంటే ముచ్చటేసింది. హమ్మయ్య, గట్టెక్కాం అనుకున్నాను.

వంతెన మెల్లగా కదలడం మొదలుపెట్టింది. ముందు కిందికీ పైకీ. గాలి అనుకున్నాను. తర్వాత పక్కలకు. మావాళ్లు ఇంకా గట్టిగా, ఇంకా ఒద్దికగా అడుగులేశారు. పోగులు అల్లాడితే వాళ్లు చేసే పని అదే. అలా అడుగేసినకొద్దీ అది ఇంకా ఊగింది. సగం దగ్గరికి వచ్చేసరికి ఒకసారి ఎడమకు ఒరిగి లోయ మొత్తం కనపడేది, మరోసారి కుడికి. తాళ్లు కీచుమంటున్నాయి. వెనక గార్డు విజిల్ వేస్తున్నాడు, ఆగకుండా. అప్పుడు బోర్డు మీది మాట నా బుర్రకెక్కింది.

ఆగండి, అడుగు కలపొద్దు అని అరిచాను. నలుగురూ ఆగారు. బావ కూర్చుండిపోయాడు. ఇనుప పలక మీద చతికిలబడి, వలలో వేళ్లు దూర్చి కళ్లు మూసుకున్నాడు. వంతెన సద్దుమణిగేదాకా ఎవ్వరం కదల్లేదు.

బావను కూర్చోనిచ్చి మిగతావాళ్లను నడవమంటే మళ్లీ అదే తంతు. నాలుగడుగులు వేసేసరికి వాళ్ల పాదాలు వాటంతటవే కలిసిపోతున్నాయి. వద్దనుకున్నా కలుస్తున్నాయి. ఇక లాభం లేదని, ఒకరు అవతల చేరాకే ఇంకొకరు కదలాలని ఒక్కొక్కర్నే పంపాను. రాంబాబు అన్నను వదిలి వెళ్లనని మొండికేస్తే కోప్పడి పంపాల్సివచ్చింది. చివరికి వంతెన నడిమధ్యలో బావా, నేనూ మిగిలాం.

"లే బావా. ఇప్పుడు ఊగదు. నాతో అడుగు కలవదని నీకు తెలుసు కదా" అన్నాను.

"నీ వంకర నడకకి ఇన్నాళ్లకి ఒక చోటు దొరికింది" అన్నాడు కళ్లు తెరవకుండా. కానీ లేవలేదు. ముందుకు రాను, వెనక్కి పోను, నన్నిక్కడ వదిలెయ్ అన్నాడు. ఆ గొంతులో పంతం లేదు, చేతకాకపోవడమే ఉంది. గాలి పెరుగుతోంది. ఎండ కొండకొసలకు చేరిపోయింది. మోసుకెళ్దామంటే ఆయన వలను విడవడం లేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అక్క మీద, నా మీద, ఈ సంబంధం మీద, అన్నిటి మీదా కోపం వచ్చింది.

అప్పుడు అవతలి కొస నుంచి ఒక మనిషి రావడం చూశాను. పసుపుచీర, కాళ్లకు పారాణి. శైలజ.

పెళ్లికూతురిని చేశాక పిల్ల పొలిమేర దాటకూడదంటారు మాలో. అందులో నది దాటడమంటే మాటలు కాదు. అక్క అవతల చెయ్యి పట్టుకుని ఆపిందట, ఊరివాళ్లు కూడా వద్దన్నారట. శైలజ విదిలించుకుని వచ్చేసింది. తాడు కూడా పట్టుకోకుండా, ఇంటి వరండాలో నడిచినట్టు నడిచి వచ్చి తండ్రి పక్కన కూర్చుంది. నన్ను పట్టించుకోలేదు. ఆయన ఒళ్లోని సంచి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. మూడు రోజులుగా ఎవరికీ ఇవ్వని సంచిని ఆయన ఇచ్చేశాడు.

తర్వాత బావ కళ్లు తెరిచి కూతురి పాదాలవైపు చూశాడు.

"చెప్పులు కూడా లేకుండా వచ్చావా?"

"తొందరలో మర్చిపోయా నాన్నా."

"ఇంతకుముందు దాటావా దీన్ని?"

"ఆదివారాలు దాటేదాన్ని. ఇక మీదట రోజూ. ఇల్లు అటు, స్కూలు ఇటు కదా."

బావ ఆ మాట విని అవతలి కొసవైపు చూశాడు, ఇవతలి కొసవైపు చూశాడు. "రోజుకి రెండుసార్లు" అన్నాడు. "నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తే ఈ పెళ్లికి ఒప్పుకునేవాడివా?"

ఆయన వలలోంచి వేళ్లు ఊడదీసుకున్నాడు. ముందు కుడిచేతివి, తర్వాత ఎడమచేతివి. రెండు చేతులతో రెండు పక్కల తాళ్లూ పట్టుకుని లేచి నిలబడ్డాడు. ముందు నువ్వు నడువు, నేను చూడాలి అన్నాడు కూతురితో. శైలజ నడిచింది. ఈయన తల వంచి, కూతురు కాలు పెట్టిన ప్రతి పలకా చూసుకుంటూ వెనక నడిచాడు. ఒక్కోచోట ఆగి తాడును రెండు చేతులా గుంజి చూస్తాడు, మళ్లీ నడుస్తాడు. ఎంతసేపు పట్టిందో తెలియదు. అవతలి గట్టు మీద కాలు పెట్టేసరికి వెనక గార్డు గేటు మూస్తూ వేసిన విజిల్ వినపడింది.

అక్క ఎదురొచ్చింది. బావ ఆమెను ఒక్క మాట కూడా అనలేదు. ఆ రాత్రి విడిది ఇంట్లో రాజ్మా, అన్నం పెట్టారు. బావ రెండుసార్లు వడ్డించుకుని తిని, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పెళ్లి బాగా జరిగింది. పొద్దున మంచులో ఎదుటి మనిషి కూడా సరిగ్గా కనపడలేదు, వంతెన అసలు కనపడలేదు. మా జీలకర్ర బెల్లం, వాళ్ల అగ్నిహోత్రం, వాళ్ల పంతులు మంత్రాలు. మధుపర్కాలు కట్టుకుని ఇద్దరూ పీటల మీద కూర్చున్నారు. మేనమామగా నేను పెళ్లికూతుర్ని బుట్టలో తేవాలి. అంత పెద్ద బుట్ట దొరక్క, కొండవాళ్లు గడ్డి మోసే గంపలో కూర్చోబెట్టి నలుగురం మోశాం, ఊరంతా నవ్వారు. కుర్చీలో కూర్చున్న పెళ్లికొడుకు తండ్రి ముందు బావ అల్లుడి కాళ్లు కడిగి, కూతురి చెయ్యి అతని చేతిలో పెట్టాడు. మంత్రం అయ్యాక కూడా ఆ చెయ్యి వదల్లేదు. పంతులు రెండుసార్లు చెప్పాడు. మోహన్ చాచా ఆయన భుజం తట్టాక వదిలాడు.

మంగళవారం పొద్దున పదిన్నరకు, మంచు విడిచాక తిరుగు ప్రయాణం. శైలజ, అల్లుడు వంతెన దాకా వచ్చారు. మగ్గాలవాళ్లను ముందు రోజే గట్టిగా హెచ్చరించాను. ఒక్కొక్కరుగా దాటారు. తర్వాత అక్క, ఆ తర్వాత నేను. బావ ఆఖరున వస్తానన్నాడు. ఎవరూ తోడు రావద్దన్నాడు.

మేం ఇవతల నిలబడి చూస్తున్నాం. నెమ్మదిగా నడుచుకుంటూ సగం దాకా వచ్చి ఆగిపోయాడు. అయిపోయింది, మళ్లీ కూర్చుంటాడనుకున్నాను. అక్క నా చెయ్యి పట్టుకుంది. ఆయన కూర్చోలేదు. తాడు పట్టుకుని, వల మీదికి వంగి, తిన్నగా కిందికి చూశాడు. చాలాసేపు చూశాడు. జీపువాడు హారన్ కొడుతున్నాడు. పిలుద్దామని నోరు తెరిస్తే అక్క వద్దంది.

దగ్గరికి వచ్చాక ముఖమంతా చెమట, ఆ చలిలో. ఎందుకు ఆగావు బావా, కళ్లు తిరగలేదా అని అడిగాను.

"తిరిగాయి" అన్నాడు. "కింద ఏముందో చూడకుండా దీని మీద పిల్లని ఎలా వదిలేసి వస్తాన్రా?"

జీపులో ఆయన కొండవైపు సీటు అడగలేదు. తువ్వాలు మెడలోనే ఉంది. అయితే లోయవైపు కూడా చూడలేదు, రోడ్డు మీదే చూపు పెట్టుకుని కూర్చున్నాడు.

వెళ్లాలనుకునేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. దారి కష్టమే కానీ కొండలు బాగుంటాయి, మనుషులు ఇంకా బాగుంటారు. బోర్డుల మీద రాసినవన్నీ చదవండి, మనకు కాదులే అనుకోకండి. వెంట వచ్చేవాళ్లకు ముందే అన్నీ చెప్పి తీసుకెళ్లండి. ఆ వంతెన ఇప్పటికీ నాకు కల్లోకి వస్తుంది. కల్లో నేను దాటుతూ ఉండను. దాని మీద ఎవరో దాటుతూ ఉంటే ఇవతల నిలబడి చూస్తూ ఉంటాను.

గురువారం సాయంత్రం నాలుగింటికి మా రైలు నాగపూర్ దాటి అడవిలో పోతోంది. శైలజకు సెలవు అయిపోయింది, పెళ్లయ్యాక స్కూలుకు వెళ్లిన మొదటి రోజు అది, స్కూలు వదిలేది నాలుగింటికే. అప్పుడే టీ వచ్చింది. బావ కప్పు అందుకుని నా ఫోన్ అడిగాడు. సిగ్నల్ లేదు. కాసేపాగి మళ్లీ అడిగాడు, లేదు. టీ కప్పు పట్టుకునే లేచి వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాడు. అక్క పిలిస్తే రాలేదు. సమోసాలు వచ్చాయి, వద్దన్నాడు. రాంబాబు ఏదో జోకు వేయబోతే నేను ఆపాను. కిటికీలో అడవి, పొలాలు, మళ్లీ అడవి. గంటన్నర పైగా ఆయన అక్కడే నిలబడ్డాడు.

బల్లార్షా స్టేషన్ వస్తుండగా ఫోన్లో గీతలు కనపడ్డాయి. నేనే నంబరు నొక్కి ఆయన చేతికిచ్చాను. రెండు రింగులకు అటు ఎత్తారు. బావ పెళ్లి గురించి అడగలేదు, అల్లుడి గురించి అడగలేదు, తిన్నావా అని కూడా అడగలేదు.

"దాటావా?" అన్నాడు.

అటు నుంచి శైలజ గొంతు నాకు కూడా వినపడింది. "ఎప్పుడో దాటాను నాన్నా."

ఫోన్ నాకిచ్చేసి వచ్చి అక్క పక్కన కూర్చున్నాడు. చేతిలో టీ చల్లారిపోయి మీగడ కట్టింది. అలాగే తాగేసి, ఇంకో టీ చెప్పరా అన్నాడు.